‘సీటీ 18’ అంటే ఏమిటి?

ఒక ఆసుపత్రి కంప్యూటరులో ఒక రోగి పేరు ఎదుట ‘సీటీ: 18’ అని నమోదై ఉన్నదనుకుందాం. 2021 ఏప్రిల్, మే నెలలలో తెలుగునాట దాదాపు ప్రతి ఇంటా వినబడిన మాట ఇది. ఈ 18 ఏమిటి? ఆర్‌టీపీసీఆర్ పరీక్షలోని సీటీ విలువ కావచ్చును. అప్పుడు ఆ అంకె ఎన్ని ఆవర్తనాల తరువాత వైరసు జాడ బయటపడిందో చెబుతుంది. అంకె తగ్గినకొద్దీ నమూనాలో వైరసు ఎక్కువ. ఛాతీకి తీసిన సీటీ స్కానులోని తీవ్రత స్కోరు కావచ్చును. అప్పుడు అంకె పెరిగినకొద్దీ ఊపిరితిత్తులు ఎక్కువగా దెబ్బతిన్నాయని అర్థం. ఆ స్కోరునైనా కొందరు 25కు, మరికొందరు 40కి లెక్కగట్టేవారు. 25కు 18 వస్తే రోగి పరిస్థితి తీవ్రం. 40కి 18 అంటే సగమైనా కాదు. ఇవేవీ కాక, శస్త్రచికిత్సకు ముందు చూసే రక్తం గడ్డకట్టే సమయం కూడా కావచ్చును. మన ప్రయోగశాలల కాగితాలపై ‘బీటీ, సీటీ’ అని జంటగా అచ్చయ్యే సీటీ అదే.

ఒకే పేరు, ఒకే అంకె, నాలుగు అర్థాలు. పైగా మొదటి రెండింటి దిశలు పరస్పర విరుద్ధాలు. ఆనాడు మంచం పక్కన నిలబడిన వైద్యుడికి ఈ సందేహం రాదు. పరీక్షను పంపించినవాడు అతడే గనుక. కాని కంప్యూటరులో దాచేది ఆనాటి కోసం మాత్రమే కాదు. అయిదేళ్ల తరువాత అదే రోగి ఆయాసంతో మరో ఊరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఆ పాత అంకెను చూసే వైద్యుడికి ఎవరు చెప్పాలి?

సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో ఆ పని చేయవలసిన పత్రానికి డేటా డిక్షనరీ అని పేరు. దత్తాంశ నిఘంటువు అని అనువదించవచ్చును గాని, ఆ రంగంలో వాడుకలో ఉన్న మాటనే నేనూ వాడతాను. ఒక ప్రోగ్రాములో దాచే ప్రతి గడికీ దాని పేరు, అర్థం, కొలమానం, అనుమతించే విలువలు, ఆ విలువ ఎక్కడి నుండి వచ్చిందో, ఎవరు ఎప్పుడు నమోదు చేయాలో, గడి ఖాళీగా ఉంటే ఏమనుకోవాలో విడమరచి రాసిన పట్టిక అది. మన ఉదాహరణకే రాయాలంటే ఇలా ఉంటుంది: ‘ముక్కు లేదా గొంతు నుండి తీసిన నమూనాపై ఆర్‌టీపీసీఆర్ పరీక్షలో సంకేతం హద్దు దాటిన ఆవర్తన సంఖ్య, ఏ జన్యువుకు సంబంధించినదో పక్క గడిలో, వైరసు కనబడకపోతే “కనబడలేదు” అనే సంకేతం, పరీక్షే జరగకపోతే ఖాళీ, సున్నా ఎన్నడూ కాదు, నమోదు చేయవలసినది ప్రయోగశాల మాత్రమే.’ స్కాను స్కోరుకు వేరే గడి, వేరే పేరు, ఎంతకు లెక్కగట్టారో చెప్పే మరొక గడి. రాయడానికి అరగంట పట్టదు. మన ఆసుపత్రులలో నడుస్తున్న ఎన్నో ప్రోగ్రాములకు ఈ అరగంట పని జరగలేదు. అది జరగని సాఫ్ట్‌వేరును ఆసుపత్రి గడప తొక్కనివ్వకూడదని నా వాదం.

కఠినంగా అంటున్నానని కొందరికి అనిపించవచ్చును. మందు సీసా సంగతి ఆలోచించండి. పైన చీటీ లేని సీసాను, లోపల ఉన్నది అమృతమే అయినా, ఏ వైద్యుడూ ముట్టడు. మందు పేరు, మోతాదు, బ్యాచి సంఖ్య, గడువు తేదీ చీటీపై ఉండితీరాలని 1940 నాటి ఔషధాల చట్టం, దాని కింద వచ్చిన నియమాలు శాసిస్తున్నాయి. మందు మోతాదును నిర్ణయించే అంకెకు మాత్రం ఏ చీటీ అక్కరలేదా? ఆ అంకెను చూసే కదా మందు రాస్తున్నాము!

కొలమానాలతో మొదలుపెడదాం, ఎందుకంటే ప్రమాదం అక్కడే తొందరగా కనబడుతుంది. రెండో కరోనా ఉద్ధృతిలో డీ-డైమర్ నివేదికలు పట్టుకొని కుటుంబాలు ఎంత హడలిపోయాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఒక ప్రయోగశాల 0.5 అని ఇస్తే, మరొకటి 500 అని ఇచ్చేది. మొదటిది మిల్లీలీటరుకు మైక్రోగ్రాములు, రెండవది నానోగ్రాములు, రెండూ ఒకటే. ఇది సులువైన చిక్కు. అసలు చిక్కు దీని వెనుక ఉంది. ఈ పరీక్షను రెండు రకాల యూనిట్లలో వ్యక్తం చేస్తారు: ఎఫ్‌ఈయూ, డీడీయూ. మొదటిది రెండవదానికి సుమారు రెట్టింపు. నానోగ్రాములు అని స్పష్టంగా రాసి, ఏ యూనిట్లలోనో రాయకపోతే, 400 అనే అంకె ఒక లెక్కలో హద్దుకు లోపల, మరొక లెక్కలో హద్దు దాటి ఉంటుంది. రోగి సోమవారం ఒక ప్రయోగశాలలో, గురువారం మరొకదానిలో పరీక్ష చేయించుకుంటే, రెండు అంకెలనూ ఒకే గడిలో పోసిన కంప్యూటరు అందమైన గీత గీసి ‘రెట్టింపయింది’ అని చూపిస్తుంది. రోగి శరీరంలో ఏమీ మారకపోయినా రక్తాన్ని పలుచబరచే మందు మొదలుకావచ్చును.

మధుమేహుల కుటుంబాలలో ఇలాంటిదే మరొకటి. లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కుమారుడు ప్రేమతో పంపిన గ్లూకోమీటరు లీటరుకు మిల్లీమోల్‌లలో చూపుతుంది. మనకు అలవాటైనది డెసీలీటరుకు మిల్లీగ్రాములు. 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. ఆ యంత్రంపై కనబడిన 13 మన లెక్కలో 234. దానిని ‘13’ అనే కంప్యూటరులో ఎక్కిస్తే అది ప్రాణాపాయకరమైన తక్కువ చక్కెరగా కనబడుతుంది. క్రియాటినిన్ మన లెక్కలో 1.2 అయితే ఆ దేశాల లెక్కలో సుమారు 106.

ఇన్సులిన్ మరీ సున్నితమైనది. మన దేశంలో సీసాలలో ఎక్కువగా అమ్మేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం గలది. పెన్నులలో వచ్చేది 100 యూనిట్లది. 40 సిరంజితో 100 బలం గల ఇన్సులిన్‌ను 10వ గీత వరకు తీస్తే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. అందుకే సిరంజి మూతల రంగులు సైతం వేరు చేశారు: 40కి ఎరుపు, 100కు నారింజ. చదువురాని వృద్ధుడు కూడా పొరబడకూడదని మూతకు రంగు వేసిన వైద్యలోకం, చదువుకున్నవారు వాడే తెరపై ‘ఇన్సులిన్: 10’ అనే గడిని మాత్రం రంగూ రుచీ లేకుండా వదిలేసింది. ఆ పది యూనిట్లా, గీతలా?

కొలమానం ఒకటే అయినా అర్థం మారే సందర్భాలు ఇంకా సూక్ష్మం. డయాలసిస్ రోగికి ‘బరువు 62 కిలోలు’ అని ఉంది. డయాలసిస్‌కు ముందా, తరువాతా? ఆ రెండింటి మధ్య తేడాయే ఆ రోగి ఒంటి నుండి తీసిన నీరు. ఆ పూట చికిత్స అంతా ఆ తేడాపైనే నడుస్తుంది. కిలోలు అని రాశాము కదా అని ప్రోగ్రామరు తృప్తి పడితే చాలదు. ఎప్పుడు తూచిన కిలోలో కూడా చెప్పాలి.

ఇక ఖాళీ గడి. నా దృష్టిలో అన్నింటికంటే ప్రమాదకరమైనది ఇదే. మందులు పడని సమాచారాన్ని, అంటే ఎలర్జీలను, నమోదు చేసే గడినే తీసుకుందాం. అది ఖాళీగా ఉంటే నాలుగు అర్థాలకు అవకాశం ఉంది. రోగిని అడిగారు, ఏ మందూ పడకపోవడం లేదన్నాడు. రోగిని ఎవరూ అడగలేదు. అడిగారు గాని, రోగి స్పృహలో లేడు, వెంట వచ్చినవారికి తెలియదు. రోగి చెప్పాడు, రాయవలసినవారు రాయలేదు. వీటిలో మొదటిది ఒక్కటే వైద్యుడికి అభయం. మిగిలిన మూడూ హెచ్చరికలు. డిక్షనరీ లేని చోట ఏమవుతుంది? తెర ఖాళీగా కనబడితే బాగుండదని ఒక ప్రోగ్రామరు, ఎవరినీ అడగకుండా, ఖాళీకి బదులు ‘ఎలర్జీలు: లేవు’ అని అచ్చయ్యేటట్లు చేస్తాడు. చెడ్డ ఉద్దేశమేమీ లేదు, చూడ ముచ్చటగా ఉండాలని. ఆ క్షణం నుండి అడగని ప్రశ్నకు జవాబు పుట్టింది. పెనిసిలిన్ పడని రోగి కాగితంపై, ఆ మందు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చునన్న అబద్ధం అచ్చయింది. ఆ అబద్ధానికి సంతకం చేసినవాడెవడూ లేడు.

తెలియకపోవడం వేరు, వర్తించకపోవడం వేరు అన్న వివేకం కొత్తదేమీ కాదు. స్త్రీ పురుష నమోదుకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన 5218 సంఖ్య గల ప్రమాణంలో 1 పురుషుడు, 2 స్త్రీ. వాటితోపాటు ‘తెలియదు’కు 0, ‘వర్తించదు’కు 9 వేరువేరుగా ఉన్నాయి. ఒక్క అక్షరం పట్టే గడికే ఇంత జాగ్రత్త అవసరమని పెద్దలు భావించారు. మన దగ్గర పుట్టిన తేదీ తెలియని వృద్ధులందరికీ కంప్యూటరు జనవరి 1న పుట్టినరోజు జరుపుతుంది. ఆ తేదీ నిజమో, నింపుడు తేదీయో చెప్పే గడి మాత్రం ఉండదు.

పేర్ల విషయంలో తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాము. ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గడులు పెట్టిన ప్రోగ్రాము ముందు కూర్చున్న గుమాస్తా ఒకనాడు ఇంటిపేరును మొదటి గడిలో, మరొకనాడు చివరి గడిలో రాస్తాడు. ఇద్దరు రోగులు తయారవుతారు. ఒకరి ఖాతాలో రక్తపు గ్రూపు, మరొకరి ఖాతాలో పడని మందు. ‘మొదటి పేరు’ అంటే వ్యక్తికి పెట్టిన పేరేనని, ఇంటిపేరు కాదని డిక్షనరీలో ఒక్క వాక్యం ఉండి, ఆ వాక్యం తెరపై గడి పక్కన కనబడితే చాలును. మేలిమి పరిష్కారం ‘ఇంటిపేరు’, ‘పెట్టిన పేరు’ అనే గడులే పెట్టడం.

ఈ వాదానికి ఎదురుగా వినవచ్చే సమాధానాలు నాకు తెలుసు. మొదటిది: ‘ప్రోగ్రాము చదివితే అర్థం తెలుస్తుంది, వేరే పత్రం ఎందుకు?’ తెలియదు. క్రియాటినిన్ 1.4 దాటితే ఎర్రగా చూపించు అని ప్రోగ్రాములో ఉంటుంది. ఏ కొలమానంలో 1.4? పురుషులకా, స్త్రీలకా, పసివారికి కూడానా? ఈ హద్దు ఎవరు చెప్పారు? ప్రోగ్రాము ఆ అంకెతో ఏమి చేస్తుందో మాత్రమే చెబుతుంది. ఆ అంకె ఏమిటో చెప్పదు. డేటాబేసు తనంతట తాను తయారు చేసుకునే గడుల జాబితా కూడా అంతే. ఈ గడిలో దశాంశ సంఖ్య పడుతుందని అది చెప్పగలదు, ఆ సంఖ్య ఉదయం పరగడుపున తీసిన రక్తానిదని చెప్పలేదు.

రెండవది: ‘తీరిక లేదు, గడువు దగ్గర పడింది.’ ఈ మాటకు సానుభూతి చూపడం నాకు చేతకాదు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో పాత సాఫ్ట్‌వేరును మార్చి కొత్తది తెచ్చినప్పుడు, పాత సంస్థ డేటా నంతా నిజాయితీగానే అప్పగించింది. అందులో ఎఫ్ 11, ఎఫ్ 17, రిజల్ట్ 2 వంటి గడుల పేర్లు. వాటి అర్థం తెలిసిన యువకుడు అప్పటికే ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. కొన్ని నెలలపాటు ఇద్దరు టెక్నీషియన్లు పాత కాగితాలను తెరతో పోల్చి చూస్తూ కూర్చున్నారు. పోల్చడానికి కాగితం మిగలని గడులను వదిలేశారు. మొదట మిగుల్చుకున్న తీరిక చివరికి ఇలా ఖర్చయింది. ఇందులో మరొక సంగతి దాగి ఉంది: డిక్షనరీ లేని డేటా ఆసుపత్రిది కాదు, దానిని రాసిన సంస్థది. దానిని విడిచిపెట్టి వెళ్లలేని నిస్సహాయత కొందరికి లాభసాటి వ్యాపారం.

మూడవది కొంత బలమైనది: ‘ప్రమాణాలు ఇప్పటికే ఉన్నాయి కదా?’ ఉన్నాయి. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను 2013లో ప్రకటించి 2016లో సవరించింది. రోగాలకు ఐసీడీ, పరీక్షలకు లోయింక్, వైద్య పరిభాషకు స్నోమెడ్ సీటీ (చూడండి, ఇక్కడ మరొక సీటీ!) వాడమన్నది. లోయింక్‌లో డీ-డైమర్‌కు ఎఫ్‌ఈయూ, డీడీయూలకు వేరువేరు సంకేతాలే ఉన్నాయి. కాని ఈ ఆసుపత్రి కంప్యూటరులోని ఈ గడి ఆ రెండింటిలో దేనికి చెందుతుందో లోయింక్ చెప్పలేదు. అది చెప్పవలసినది ఈ ఆసుపత్రి డిక్షనరీయే. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇంట్లో ఉన్నంత మాత్రాన మనం రాసిన ఉత్తరం అర్థమైపోదు.

నాలుగవది ఈ మధ్య వచ్చినది: ‘కృత్రిమ మేధ అన్నీ అర్థం చేసుకుంటుంది.’ ఒకే గడిలో నలుగురు గుమాస్తాలు నాలుగు అర్థాలతో అంకెలు నింపిన తరువాత, ఏది ఏదో ఊహించగలదేమో గాని తెలుసుకోలేదు. ఊహను నమోదుగా చలామణి చేయడం వైద్యంలో నేరమని నా అభిప్రాయం.

డిక్షనరీ ఉన్నంత మాత్రాన సరిపోతుందా అని కూడా అడగాలి. సరిపోదు. అమెరికా అంతరిక్ష సంస్థ 1998 డిసెంబరులో పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర నాశనమైంది. నేలపై నడిచే ఒక ప్రోగ్రాము చోదక బలపు ప్రభావాన్ని పౌండ్ల లెక్కలో ఇస్తే, దానిని అందుకున్న ప్రోగ్రాము న్యూటన్ల లెక్క అనుకున్నది. తేడా సుమారు 4.45 రెట్లు. మెట్రిక్ కొలతలే వాడాలని ఒప్పంద పత్రంలో రాసి ఉన్నది. రాసినదానిని ప్రోగ్రాము పాటిస్తున్నదో లేదో సరిచూడలేదు. కనుక డిక్షనరీని బీరువాలో పెట్టి మరచిపోవడం కాదు. కొలమానం లేని అంకె వస్తే గడి దానిని తిప్పికొట్టాలి, గడి అర్థం మారిస్తే ముందు డిక్షనరీ మారాలి, మార్పు తేదీ అందులో ఉండాలి.

మార్పు తేదీ అన్నందుకు ఒక ఉదాహరణ చెప్పక తప్పదు. 2020 ఆగస్టు 12న బ్రిటన్‌లో కరోనా మరణాల మొత్తం ఒక్కసారిగా 5,000కు పైగా తగ్గింది. ఎవరూ తిరిగి బతకలేదు. అంతవరకు ఇంగ్లండులో, ఎప్పుడైనా పరీక్షలో కరోనా తేలి ఆ తరువాత ఏ కారణంతో మరణించినా ఆ లెక్కలో చేర్చేవారు; ఆనాటి నుండి పరీక్ష జరిగిన 28 రోజులలోపు మరణాలనే ప్రధాన లెక్కగా తీసుకున్నారు. నిర్వచనాన్ని బహిరంగంగా ప్రకటించారు కాబట్టి తగ్గుదల ఎందుకో లోకానికి తెలిసింది. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ తన డేటా డిక్షనరీని ఎవరైనా చదువుకునేటట్లు ఇంటర్నెట్‌లో ఉంచింది. మాతృ మరణమంటే గర్భధారణ సమయంలో గాని, గర్భం ముగిసిన 42 రోజులలోపు గాని, గర్భంతో ముడిపడిన కారణాల వలన జరిగిన మరణం. ఒక జిల్లాలో 42 రోజులు లెక్కించి, పక్క జిల్లాలో ఆసుపత్రి నుండి ఇంటికి పంపిన నాటితో లెక్క ముగిస్తే, రెండవ జిల్లాకు ప్రశంసాపత్రం వస్తుంది. అక్కడి బాలింతలకు మాత్రం ఏమీ రాదు.

ఇందులో వైద్యుల బాధ్యత నుండి తప్పించుకునే వీలు లేదు. ‘అది కంప్యూటరు వాళ్ల పని’ అనేది మా వృత్తిలో మర్యాదగా చెలామణి అయ్యే బద్ధకం. బరువును డయాలసిస్‌కు ముందు తూచాలో తరువాత తూచాలో ప్రోగ్రామరుకు ఎలా తెలుస్తుంది? భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం రూపొందినప్పుడు, 1962లో వెలువడిన తొలి సంపుటం వ్యవసాయ పదాలది. ఆ పదాలను సేకరించినది రైతుల నోటి నుండి. నాగలిలో ఏ భాగాన్ని ఏ సీమలో ఏమంటారో అరక పట్టినవాడు చెప్పాడు, పండితుడు రాసుకున్నాడు. ఆసుపత్రి డిక్షనరీ కూడా అలాగే తయారు కావాలి. నర్సు చెప్పాలి, ప్రయోగశాల టెక్నీషియన్ చెప్పాలి, వైద్యుడు చెప్పాలి. ప్రోగ్రామరు రాసుకొని, తిరిగి చదివి వినిపించాలి.

2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తంగా ప్రారంభమైన నాటి నుండి మన చేతికి 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య వచ్చింది. శ్రీకాకుళంలో చేసిన పరీక్ష హైదరాబాదులో తెరుచుకోవాలన్నది దాని ఆశయం, మెచ్చదగిన ఆశయం. ఇంతకాలం చీటీ లేని అంకెలు ఒకే ఆసుపత్రి నాలుగు గోడల మధ్య తిరిగేవి. అక్కడి వారికి వాటి ముఖపరిచయమైనా ఉండేది. ఇక అవి ఊళ్లు దాటుతాయి. అందుచేత సాఫ్ట్‌వేరు కొనే ప్రతి ఆసుపత్రి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, టెండరులోనే ఈ షరతు రాయాలి: డేటా డిక్షనరీ అందేవరకు చివరి వాయిదా సొమ్ము చెల్లించబడదు, ఆసుపత్రి నియమించిన ఒక వైద్యుడు, ఒక నర్సు, ఒక ప్రయోగశాల అధికారి దానిని చదివి సంతకం చేయాలి, ఒప్పందం ముగిసినా అది ఆసుపత్రి సొత్తుగానే ఉంటుంది. ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములకు ఒక్కసారిగా వేల గడులు రాయలేమంటారా, పదింటితో మొదలుపెట్టండి: ఎలర్జీ, బరువు, రక్తపు గ్రూపు, గర్భం, చక్కెర, క్రియాటినిన్, ఇన్సులిన్ మోతాదు, రక్తాన్ని పలుచబరచే మందు, పుట్టిన తేదీ, పేరు.

అంతవరకు పాఠకులు చేయగలిగినది కొంత ఉంది. పరీక్ష ఫలితాన్ని చీటీపై రాసుకునేటప్పుడు అంకెతోపాటు కొలమానాన్ని, ప్రయోగశాల పేరును, నమూనా ఇచ్చిన తేదీని, పరగడుపునా కాదా అన్నదానిని రాసుకోండి. ఫోనులో అంకె ఒక్కటే పంపవద్దు, కాగితం మొత్తాన్ని ఫొటో తీసి పంపండి. ఇంటికి పంపే కాగితంపై ‘ఎలర్జీలు: లేవు’ అని ఉంటే, మిమ్మల్ని ఆ ప్రశ్న ఎవరైనా అడిగారేమో గుర్తుచేసుకోండి. అడగకపోతే, సంతకం పెట్టేముందు ఆ గడిని మీ ఎదుటే దిద్దించండి.